ఇమిక్విమోడ్ క్రీముతో చర్మం పుండులా అయింది, నాలుగు నెలల్లో పెళ్లి: మళ్లీ రాయాలా, మానేయాలా?

మీరు రాసినదాని ప్రకారం మీ వయసు 27, ఉండేది కూకట్‌పల్లిలో ఒక హాస్టల్లో. అంగం మీద, గజ్జల దగ్గర ఐదారు చిన్న పులిపిర్లు వచ్చాయి. చర్మవ్యాధుల డాక్టర్ చూసి ఇమిక్విమోడ్ 5 శాతం క్రీము రాసిచ్చారు. రెండు వారాలు రాసేసరికి చర్మం ఎర్రబడి ఒకచోట పుండులా అయింది. భయపడి ఆపేశారు. మెడికల్ షాపులో అడిగితే వేరే క్రీము ట్యూబ్ ఒకటి ఇచ్చారు. అది రాస్తే మంట తగ్గింది కానీ పులిపిర్లు పోలేదు, పక్కన ఇంకో రెండు మొలిచాయి. నాలుగు నెలల్లో పెళ్లి. మొదటి క్రీము మళ్లీ మొదలుపెట్టాలా, జబ్బు పూర్తిగా పోతుందా, పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి చెప్పాలా అని అడిగారు.

హైదరాబాద్‌లో చర్మ, సుఖవ్యాధుల డాక్టరుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇదే ప్రశ్నతో వచ్చేవాళ్లు నాకు కొత్త కాదు. ఈ క్రీము పనిచేయలేదని వచ్చేవాళ్లలో ఎక్కువమంది దాన్ని మధ్యలో ఆపేసినవాళ్లో, త్వరగా పోవాలని మందంగా పట్టించినవాళ్లో అయి ఉంటారు. డాక్టర్ దగ్గర సిగ్గుపడి వివరంగా అడగరు, డాక్టర్ కూడా హడావిడిలో రెండు ముక్కలు చెప్పి పంపేస్తారు. అందుకే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను.

ముందు ఆ రెండో ట్యూబ్ సంగతి. దాని మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు ఒకసారి చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్‌లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. మన మెడికల్ షాపుల్లో తామరకి, దురదకి, మంటకి అన్నిటికీ ఇచ్చే మూడు నాలుగు మందులు కలిపిన క్రీముల్లో ఇది దాదాపు ఎప్పుడూ ఉంటుంది. స్టెరాయిడ్ మంటను తగ్గిస్తుంది, ఆ మాట నిజమే. కానీ అక్కడి చర్మంలోని రోగనిరోధక శక్తిని అణచడం ద్వారానే తగ్గిస్తుంది. ఇమిక్విమోడ్ చేసే పనికి ఇది పూర్తిగా వ్యతిరేకం. మీకు కొత్తగా రెండు రావడానికి అదే కారణమని ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను, ఎందుకంటే పులిపిర్లు వాటంతట అవి కూడా పెరుగుతాయి. కానీ ఆ ట్యూబ్ ఈరోజే పక్కన పెట్టేయండి. గజ్జల్లో చర్మం పల్చన, అక్కడ స్టెరాయిడ్ ఎక్కువ రోజులు రాస్తే చారలు పడతాయి, అవి ఇక పోవు.

ఇప్పుడు అసలు క్రీము ఏం చేస్తుందో చూద్దాం. ఈ పులిపిర్లకు కారణం హెచ్‌పీవీ అనే వైరస్. అందులో చాలా రకాలున్నాయి. జననాంగాల పులిపిర్లలో సుమారు 90 శాతం 6, 11 అనే రెండు రకాల వల్ల వస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ప్రధాన కారణమైన 16, 18 రకాలు వేరు. కాబట్టి మీ పులిపిర్లు రేపు క్యాన్సర్ అవుతాయేమో అన్న టెన్షన్ వదిలేయండి. ఈ వైరస్ రక్తంలోకి దిగదు, చర్మం పై పొరల్లోనే ఉండిపోతుంది. అందుకే శరీరం దాన్ని చాలాకాలం పసిగట్టదు. ఇమిక్విమోడ్ వైరస్‌ని నేరుగా చంపే మందు కాదు. అది చర్మంలోని రక్షణ కణాలను రెచ్చగొట్టి ఇంటర్‌ఫెరాన్ లాంటి పదార్థాలు విడుదలయ్యేలా చేస్తుంది. అప్పుడు శరీరమే ఆ చోటికి సైన్యాన్ని పంపుతుంది. ఆ పోరాటం జరిగేచోట ఎరుపు, దురద, కొద్దిపాటి మంట, పొట్టు లేవడం తప్పవు. కొంత ఎరుపు కనిపించిందంటే మందు పని మొదలుపెట్టిందనే అర్థం.

అలాగని ఎంత మండినా ఓర్చుకుని రాస్తూ పొమ్మని నేననను. గులాబీ రంగు, కొంచెం దురద ఉంటే కొనసాగించండి. మీకు అయినట్టు చర్మం చెదిరి పచ్చి పుండు అయితే ఆపాల్సిందే. మీరు ఆపడం సరైన పనే, కానీ తర్వాత డాక్టర్‌కి ఫోన్ చేయకుండా షాపుకి వెళ్లారు. ఇలాంటప్పుడు కొన్ని రోజులు విరామం ఇచ్చి, మామూలు నీళ్లతో కడుక్కుని, మెత్తటి బట్టతో అద్దుకుని, సువాసన లేని సాదా వాసలీన్ లాంటిది పల్చగా రాసుకుంటే చాలు, చాలామందికి పుండు మానిపోతుంది. చర్మం పూర్తిగా మానాక, ఒకసారి డాక్టర్‌కి చూపించి, అదే క్రీము మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆపిన రోజుల లెక్క సరిచేయాలని రెండింతలు రాయకూడదు. ఒక రాత్రి మర్చిపోయినా అంతే, దాన్ని వదిలేసి తర్వాతి వంతు రాత్రి మామూలుగా రాయండి.

రాసే పద్ధతి దగ్గరే చాలామంది తప్పిపోతారు కాబట్టి ఇది నెమ్మదిగా చదవండి. 5 శాతం క్రీము వారానికి మూడు రాత్రులు మాత్రమే. సోమ, బుధ, శుక్రవారాలు అని పెట్టుకుంటే గుర్తుంటుంది. వరుసగా రెండు రాత్రులు వద్దు. పడుకునే ముందు చేతులు, ఆ భాగం కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక, వేలి కొనతో పులిపిరి మీద పల్చగా రాసి, తెల్లదనం కనిపించకుండా పోయేదాకా మెల్లగా రుద్దాలి. తెల్లగా పొర కనిపిస్తోందంటే ఎక్కువైనట్టే. చుట్టూ ఉన్న మంచి చర్మానికి పట్టించొద్దు. పైన ప్లాస్టరు, బిగుతు కట్టు వేయొద్దు, వదులుగా ఉండే కాటన్ లోదుస్తులు చాలు. చేతులు మళ్లీ కడుక్కోవాలి, ఆ వేలు కంట్లో పడితే ఇబ్బంది. 6 నుంచి 10 గంటల తర్వాత, అంటే పొద్దున లేవగానే, సబ్బుతో కడిగేయాలి. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు పగలు పడుకునేటప్పుడు రాసుకున్నా ఫరవాలేదు, కడగడం మర్చిపోకుండా ఉంటే చాలు. ఈ కడగడం అనే ముక్క వదిలేసి రోజంతా ఉంచుకున్నవాళ్లకే నేను చూసిన పెద్ద పుండ్లు ఎక్కువ.

అంగం కొనను కప్పే ముందు చర్మం కింద రాసేవాళ్లు రోజూ దాన్ని వెనక్కి జరిపి శుభ్రం చేసుకోవాలి. అక్కడ వాపు వచ్చి చర్మం వెనక్కి రావడం కష్టమైతే క్రీము ఆపి వెంటనే డాక్టర్‌ని కలవండి. మూత్రద్వారం లోపల, మలద్వారం లోపల, ఆడవాళ్లయితే యోని లోపల ఈ క్రీము రాయకూడదు. అక్కడ పులిపిర్లు ఉంటే వైద్యం వేరు. క్రీము ఒంటి మీద ఉన్నంతసేపు కలయిక వద్దు. కండోమ్ రబ్బరు కూడా దీనివల్ల బలహీనపడుతుంది.

ఒక్కో సాచెట్‌లో 250 మిల్లీగ్రాములు ఉంటుంది. ఐదారు చిన్న పులిపిర్లకు అందులో చాలావరకు మిగిలిపోతుంది. ఖరీదు గుర్తొచ్చి మడిచి దాచుకోవాలనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ తెరిచిన సాచెట్‌ని తర్వాతి డోసుకి దాచొద్దనే తయారీదారులు చెబుతారు. ఇంకోటి, సాధారణంగా దీన్ని 25 డిగ్రీల లోపు ఉంచాలి. ఏప్రిల్, మే నెలల్లో మన గదుల్లో ఆ వేడి ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. బండి డిక్కీలో, కిటికీ పక్కన ట్రంకు పెట్టెలో పెట్టొద్దు. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. హాస్టల్లో ఫ్రిజ్ అందరిదీ అయితే చిన్న మందుల డబ్బాలో మూసి పెట్టుకోవచ్చు.

కొందరికి ఈ క్రీముతో ఒళ్లునొప్పులు, నీరసం, కొద్దిగా జ్వరం వస్తాయి. రక్షణ వ్యవస్థ మేల్కొనడం వల్ల వచ్చేవే ఇవి. అయితే వానాకాలంలో జ్వరం వస్తే క్రీము మీదకు నెట్టేసి డెంగ్యూ పరీక్ష మానుకోవద్దు. రాసినచోట చర్మం రంగు తగ్గడం లేదా ముదరడం కూడా కొందరిలో జరుగుతుంది, ఒక్కోసారి అలాగే ఉండిపోతుంది. తెల్లమచ్చ కనిపిస్తే బొల్లి అని హడలిపోకుండా డాక్టర్‌కి చూపించి, కొనసాగించాలో లేదో అడగండి.

ఎన్నాళ్లు? గరిష్ఠంగా 16 వారాలు. అమెరికాలో 1997లో ఈ మందుకి అనుమతి వచ్చినప్పటి పరీక్షల్లో మొత్తం మీద సుమారు సగం మందికి పులిపిర్లు పూర్తిగా పోయాయి. ఆడవాళ్లలో అది 72 శాతం, మగవాళ్లలో మూడింట ఒక వంతు మాత్రమే. పోయినవాళ్లలో ఆడవాళ్లకు సుమారు 8 వారాలు, మగవాళ్లకు సుమారు 12 వారాలు పట్టింది. ఈ అంకెలు మీకు ముందే తెలియాలనే చెబుతున్నాను. రెండు వారాల్లో ఏమీ కనిపించకపోవడం మామూలే. మగవాడిగా మీకు క్రీము ఒక్కటే సరిపోకపోవచ్చు, అలా అయితే మీలో ఏదో లోపం ఉందనుకోవద్దు. క్రీము సరిపోకపోతే లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించే క్రయో, కరెంటుతో కాల్చే కాటరీ, లేజర్, డాక్టర్ చేత్తో రాసే ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్ ఉన్నాయి. కొన్నిసార్లు పెద్దవాటిని ముందు కాల్చి, మానాక క్రీము మొదలుపెడతాం. మీకు నాలుగు నెలల గడువు ఉందన్నారు కాబట్టి, ఉన్నవి ఏడెనిమిదే కాబట్టి, నేనైతే మొదట క్రయో గురించి మీ డాక్టర్‌ని అడగమంటాను. ఎంత బాగా చేసినా కొందరిలో తిరిగి వస్తాయి, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో. తిరిగి వచ్చాయంటే వైద్యం వృథా అయిందని కాదు, చిన్నగా ఉన్నప్పుడే మళ్లీ తీయించుకోవాలి.

పోడోఫిల్లోటాక్సిన్ అని ఇంకో మందు ఇంట్లో రాసుకునేది ఉంది, హిమాలయాల్లో పెరిగే ఒక మొక్క నుంచి వచ్చింది. దాని లెక్క వేరు: రోజుకి రెండుసార్లు చొప్పున మూడు రోజులు రాసి, నాలుగు రోజులు ఆపాలి, ఇలా నాలుగు విడతల వరకు. రెండు మందుల లెక్కలూ కలిపేసుకుని చర్మం కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. డాక్టర్ చెప్పకుండా దీన్ని జతచేయొద్దు.

చేతి మీద పులిపిరికి మన ఇళ్లలో సున్నం పెడతారు, జిల్లేడు పాలు రాస్తారు, గుర్రం వెంట్రుకతో కడతారు. ఆనెలకు వాడే కార్న్ క్యాప్, సాలిసిలిక్ యాసిడ్ కూడా షాపులో దొరుకుతాయి. ఇవేవీ ఈ భాగానికి పనికిరావు. జిల్లేడు పాలతో ఆ చోట చర్మం ఊడి నడవలేక వచ్చినవాళ్లను చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. బస్టాండ్ గోడల మీద, మూత్రశాలల్లో గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం అని అంటించిన నంబర్లకు ఫోన్ చేయకండి. బోర్డు మీద ఎండీ డీవీఎల్ అనో, డీడీవీఎల్ అనో ఉందో లేదో చూడండి, చర్మ, సుఖవ్యాధుల డాక్టర్ల డిగ్రీలు ఇవే. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో డీవీఎల్ ఓపీ ఉంది. సుఖవ్యాధుల కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్షా క్లినిక్‌లు ఉన్నాయి. తెలిసినవాళ్లు చూస్తారని భయమైతే దిల్‌సుఖ్‌నగర్ వాళ్లు కూకట్‌పల్లికి, కూకట్‌పల్లి వాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌కి వెళ్లడం మామూలే, అందులో తప్పేం లేదు. కానీ ప్రతిసారీ డాక్టర్‌ని మార్చకండి.

మీ డాక్టర్ రక్త పరీక్షలు రాశారో లేదో మీరు చెప్పలేదు. రాయకపోతే మీరే అడగండి: సిఫిలిస్ కోసం వీడీఆర్‌ఎల్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి. సిఫిలిస్ రెండో దశలో కూడా ఆ భాగంలో తడిగా, చదునుగా మొలకల్లాంటివి వస్తాయి, వాటికి ఈ క్రీము పనికిరాదు, ఇంజెక్షన్ కావాలి. హెచ్‌ఐవీ ఉంటే పులిపిర్లు మొండిగా ఉంటాయి. ఐసీటీసీ అనే ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. హెచ్‌ఐవీ సందేహాలకు 1097 హెల్ప్‌లైన్ నంబరు ఉచితంగా పనిచేస్తుంది. మగవాళ్లకు హెచ్‌పీవీ పీసీఆర్ అని ల్యాబ్‌లు అమ్మే పరీక్షకి మాత్రం డబ్బు పెట్టొద్దు, పులిపిర్లు కంటితో చూసి గుర్తుపట్టేవే, ఆ రిపోర్టు వల్ల వైద్యం మారదు.

ఇది చదివే వేరేవాళ్లకు ఒక మాట. అంగం శీర్షం అంచు చుట్టూ వరసగా, అన్నీ ఒకే సైజులో ముత్యాల్లా ఉండే చిన్న బుడిపెలు జబ్బు కాదు, చాలామంది మగవాళ్లకు యుక్తవయసులో సహజంగా వచ్చే చర్మ స్వభావమే. ఫోన్‌లో ఫోటోలు పోల్చుకుని వాటి మీద ఇమిక్విమోడ్ రాసుకునే కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కసారి డాక్టర్ చూడకుండా ఈ క్రీము మొదలుపెట్టకండి. గర్భం ఉన్నవాళ్లు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు అయితే పోడోఫిల్లిన్ సంబంధిత మందులు అసలే వద్దు, ఇమిక్విమోడ్ కూడా సాధారణంగా ఇవ్వం. ఆ సమయంలో పులిపిర్లు వేగంగా పెరగొచ్చు, క్రయోతోనో ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్‌తోనో తీస్తాం. పులిపిర్లు ఉన్నంత మాత్రాన ఆపరేషన్ కాన్పు అవసరం లేదు, దారికి అడ్డుపడేంత పెద్దవైతే తప్ప.

వైద్యం నడిచే రోజుల్లో ఆ భాగంలో షేవింగ్, వ్యాక్సింగ్ ఆపేయండి, బ్లేడు గీతల వెంట కొత్తవి వరసగా వస్తాయి. కత్తెరతో కత్తిరించుకుంటే చాలు. సిగరెట్ అలవాటుంటే దాన్ని మానేయడానికి ఇది మంచి కారణం, పొగతాగేవాళ్లలో ఈ వైరస్ త్వరగా వదలదు.

ఇక పెళ్లి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే, ఎందుకంటే మిమ్మల్ని మీరే పాపిలా చూసుకుంటున్నారు. ఈ వైరస్ చర్మం చర్మం తాకితే వస్తుంది. జీవితంలో ఎప్పుడో ఒకసారి హెచ్‌పీవీ ఏదో ఒక రకం సోకనివాళ్లు లైంగిక జీవితం ఉన్నవాళ్లలో తక్కువ. సోకిన తర్వాత పులిపిరి బయటపడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా చాలా ఎక్కువ. కాబట్టి ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో తేల్చే పరీక్ష లేదు. రేపు పెళ్లయ్యాక ఇద్దరిలో ఎవరికి కనిపించినా, అది ఎవరి నడవడికకీ సాక్ష్యం కాదు. ఈ ఒక్క ముక్క తెలియక విడిపోయేదాకా వెళ్లిన దంపతులు నా ముందు కూర్చున్నారు.

పెళ్లి వాయిదా వేయమని నేను చెప్పను. కానీ అమ్మాయికి చెప్పమంటాను, అదీ పెళ్లికి ముందే. పులిపిర్లు పోయినా వైరస్ కొంతకాలం చర్మంలో ఉండొచ్చు. చాలామంది శరీరం ఒకటి రెండేళ్లలో దాన్ని అణిచేస్తుంది, కానీ ఏ రోజు నుంచి అంటదో ఎవరూ తేదీ వేసి చెప్పలేరు. కండోమ్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు, అది కప్పని చర్మం మీదా వైరస్ ఉంటుంది కాబట్టి. ఆమె శరీరానికి సంబంధించిన విషయం ఆమెకు తెలియాలి. పైగా ఆమె చేతిలో ఇప్పుడు ఒక మంచి రక్షణ ఉంది, చెప్పకపోతే అది ఆమెకు అందదు. అదే టీకా. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ 2023 నుంచి మన దగ్గర దొరుకుతోంది, 6, 11, 16, 18 రకాల నుంచి కాపాడుతుంది. గార్డాసిల్ కూడా ఉంది. 15 ఏళ్లు దాటినవాళ్లకు మూడు డోసులు, ఆరు నెలల్లో పూర్తవుతాయి. మీ పెళ్లిలోపు మూడూ పూర్తి కావు, అయినా మొదలుపెట్టడం మేలు. ఆమె వయసుకి ఏది సరిపోతుందో గైనకాలజిస్ట్ చెబుతారు. మీకున్న పులిపిర్లను టీకా తగ్గించదు, మీకు ఇంకా సోకని రకాల నుంచి మిమ్మల్ని కాపాడొచ్చు, దాని గురించీ అడగండి.

టీకా అనగానే ఇంట్లో పెద్దవాళ్లు ఖమ్మం పేరెత్తొచ్చు. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు ఈ టీకా వేసిన కార్యక్రమం, తర్వాత కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోకపోవడం లాంటి లోపాలు మాత్రం నిజంగా బయటపడ్డాయి, ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ లోపాలను టీకా మీద వేసి ఆడపిల్లలకు దాన్ని దూరం చేయడం నాకు మింగుడుపడదు.

అమ్మాయితో మాట్లాడేటప్పుడు కథలు అల్లకండి. నాకు పులిపిర్లు వచ్చాయి, ఇది వైరస్ వల్ల, వైద్యం చేయించుకుంటున్నాను, క్యాన్సర్ రకం కాదు, నీకు టీకా ఉంది, అని చెప్పండి. మీ ఇద్దరి మధ్యే మాట్లాడండి, పెద్దవాళ్ల పంచాయితీ అక్కర్లేదు. నోరు పెగలకపోతే ఇద్దరూ కలిసి మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆ మాటలు వాళ్లే చెబుతారు, మేం ఎంతోమందికి చెప్పినవే అవి. ఈ వారంలో మాత్రం పుండు మానిందో లేదో చూపించుకుని, షాపులో ఇచ్చిన ఆ రెండో ట్యూబ్ కూడా వెంట తీసుకెళ్లి డాక్టర్ ముందు పెట్టండి. ఎన్ని రోజులు రాశారో దాచకుండా చెప్పండి.